గొట్టంలో నీళ్ళు పడుతున్నంతసేపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో గడియారం లేదు. మా ఇంట్లోనే కాదు, ఆ వరుసలో ఏ ఇంట్లోనూ లేదు. బొగ్గుబాయి కూతే మా అందరి గడియారం. కూత అంటే షిఫ్టు మారేటప్పుడు బాయి మీద మోగే సైరన్. పొద్దున కూత వినపడితే బాపు సద్దిగిన్నె పట్టుకొని బయలుదేరేవాడు. పొద్దు వాలే వేళ కూత వినపడితే నాయినమ్మ పొయ్యి మీద నీళ్ళకుండ పెట్టేది, బాపు వచ్చి ఒంటి మీది బొగ్గు కడుక్కోవాలని. బొగ్గు తీసే గనిని మా దిక్కు బాయి అనే అంటారు. మంచిర్యాల దాటి బెల్లంపల్లి వైపు పోతుంటే అలాంటి బాయిలు వరసగా ఉండేవి. వాటిలో ఒకదాని పక్కన కూలీల ఇండ్లలో ఒక అర్ర మాది.

మా బాపు బొగ్గు కొట్టేవాడు కాదు. బాయి అడుగున ఊరే నీళ్ళను పైకి తోడే పంపు దగ్గర ఆయన పని. భూమిని తవ్వుతున్నకొద్దీ నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. వాటిని ఎప్పటికప్పుడు పైకి పంపకపోతే కింద మనుషులు తిరిగే దారులన్నీ మునుగుతాయి. నీళ్ళు ఎప్పుడూ పల్లానికే చేరతాయి కదా, అందుకని ఆయన అందరికంటే లోపలికి, అందరికంటే కిందికి పోవాలి. ఆ సంగతి నాకు ఎవరు చెప్పారో గుర్తులేదు కానీ, తెలిసిన నాటి నుంచి మనసులో ఒక మూల ముల్లులా ఉండేది.

ఆ ఏడు పుష్యమాసంలో ఒక వార్త పుట్టింది. ఎనిమిది గ్రహాలు ఒకే రాశిలోకి వస్తున్నాయట. అమావాస్య నాటికి లోకం అంతమవుతుందట. రైల్లో వచ్చినవాళ్ళు ఒక తీరుగా చెప్పారు, సంతకు పోయినవాళ్ళు ఇంకో తీరుగా చెప్పారు. గోదావరి పొంగి చెన్నూరు మీదికి వస్తుందని కొందరు, పట్టపగలే చీకటి పడుతుందని కొందరు, భూమి నిలువునా పగులుతుందని కొందరు. మా వాడలో భజనలు మొదలయ్యాయి. మేకను అమ్ముకోవాలనుకున్నవాడు కోసుకొని తినేశాడు. సోలాపురం మగ్గాల మీద పనికి పోయిన మా పక్క వరుస చేనేత ఆయన, చచ్చినా పెళ్ళాం పిల్లల దగ్గరే చస్తానని రెండు రైళ్ళు మారి వచ్చాడు.

అందరికీ భయమే. కానీ అందరూ భూమి మీద ఉండి భయపడుతున్నారు. మా బాపు ఒక్కడే దాని కడుపులోకి పోతాడు. అవ్వ, అంటే మా అమ్మ, కాన్పుకని చెన్నూరులో తల్లిగారింటికి పోయి ఉంది. ఇంట్లో నేను, నాయినమ్మ, బాపు. బాపు పోయిన తర్వాత వాకిట్లో బోర్లా పడుకొని నేలకు చెవి ఆనించి వినేదాన్ని. నేల లోపల ఏదో గుడగుడమన్నట్టు ఉండేది. అది నా గుండె చప్పుడేనని ఇప్పుడు తెలుస్తోంది గానీ, అప్పుడు భూమి పగలడానికి సిద్ధమవుతోందని అనుకున్నాను.

నాయినమ్మ బాపును ఎంతగానో బతిమాలింది. అమావాస్య నాడు ఒక్క దినం మానుకొమ్మంది.

"అందరు మానుకుంటున్నరు గదరా. నీకొక్కనికే వచ్చిందా కొలువు?"

"అందరు మానుకుంటె నీళ్ళు మానుకుంటయానే అవ్వా," అన్నాడు బాపు, బీడీ ముట్టించుకుంటూ. "ఒక్క షిఫ్టు పంపు బందైతె, మల్ల బాయి ఎండేదాక ఎవ్వనికి కూలి దొరకది."

"లోకమే మునుగుతాంటె కూలి ఎవనికిరా?"

"మునిగితె నాకే ముందు ఎర్కైతది. వచ్చి నీకు చెప్త."

నాయినమ్మ నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఆయన మాత్రం నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "ఏం గాదు బిడ్డా, ఫికర్ చెయ్యకు," అన్నాడు. ఆ రోజుల్లో నన్ను చూసిన పెద్దవాళ్ళందరూ ఏం కాదనే అన్నారు. ఏం కాదని చెబుతూనే తలుపులకు గడియలు బిగించుకునేవాళ్ళు. ఆ మాట వింటే నా భయం ఇంకాస్త పెరిగేది.

మా పక్కింటి అక్క పాద్రీల మిషను బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్పేది. వాళ్ళు ఏసును నమ్ముకున్నవాళ్ళు. నేను నేలకు చెవి పెట్టి పడుకోవడం ఆమె కంటపడింది. నాయినమ్మను ఒప్పించి, చెయ్యి పట్టుకొని నన్ను తన వెంట బడికి తీసుకుపోయింది. అక్కడ అమెరికా నుంచి వచ్చిన ఒక టీచరమ్మ ఉండేది. ఆమె గురించి వాడలో అంతకు ముందే బోలెడు మాటలు నడిచాయి. అమెరికా అంటే తెల్లటి దొరసాని వస్తుందని అందరం ఎదురు చూశాం. తీరా బండి దిగిన ఆమె మా నాయినమ్మ కంటే నలుపు. ఈమెది అమెరికా కాదు, మదరాసే అయి ఉంటుందని కొందరు తేల్చేశారు. ఒకసారి ఎవరో దొరసానీ అని పిలిస్తే, నేను దొరసానిని కాను, మా తాతల తాతలను దొరలు సంతలో కొనుక్కున్నారు అందట. సంతలో మనుషులను కొనడం ఏమిటో నాకు అర్థం కాలేదు. ఆమె దగ్గరికి పోవాలంటే మాత్రం భయం వేసింది. ఆ మూడు నాలుగు రోజుల్లో నాకు దేన్ని చూసినా భయమే.

ఆమె తెలుగు పుస్తకం చూసి నేర్చుకున్న తెలుగు. పిల్లలను కూడా మీరు అనేది. మా వాడలో విన్న జర అనే మాట ఆమెకు నచ్చిందేమో, దాన్ని ప్రతి మాటకూ తగిలించేది.

"జర కూర్చోండి. మీకు దేనికి భయం?"

అప్పటిదాకా ఆ సంగతి నన్ను ఎవరూ అడగలేదు. భయపడకు అన్నవాళ్ళే గాని దేనికి అని అడిగినవాళ్ళు లేరు. నేను ఏడుస్తూనే చెప్పాను. ఎనిమిది గ్రహాలు, భూమి పగలడం, బాయి అడుగున బాపు. ఆమె నవ్వలేదు. దేవుడున్నాడులే అని కూడా అనలేదు. అంతా విని, తన దోస్తు ఒకామె సంగతి చెప్పింది.

వాళ్ళిద్దరూ ఒకే చోట లెక్కల చదువు చదువుకున్నారట. ఆ దోస్తు ఇప్పుడు వాళ్ళ దేశంలో మనుషులను ఆకాశంలోకి పంపే ఆఫీసులో పని చేస్తోందట. మగవాళ్ళు యంత్రం తయారు చేస్తారు. దాని కింద మంట పెడితే అది పైకి లేస్తుంది. లేచాక ఎంత ఎత్తు పోతుంది, ఎక్కడ వంగుతుంది, తిరిగి సముద్రంలో ఏ చోట పడుతుంది, ఇదంతా ముందే లెక్కగట్టాలి. ఆ లెక్కలు కట్టేవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళేనట. అందులో ఈమె రంగువాళ్ళు, ఆ సంతలో అమ్ముడుపోయినవాళ్ళ మనవరాళ్ళు కూడా ఉన్నారట. పెన్సిలు పట్టుకొని, టకటకలాడే ఒక లెక్కల మిషను ముందు పెట్టుకొని పొద్దంతా కూర్చుంటారట. మొదట్లో వాళ్ళను వేరే గదిలో కూర్చోబెట్టారట. అన్నం తినే చోట వేరే బల్ల వేశారట.

ఎందుకని అడిగాను. టీచరమ్మ నన్నే తిరిగి అడిగింది.

"మీ నాయినమ్మగారు ఈ అక్కకు నీళ్ళు ఎట్లా పోస్తారు?"

పై నుంచి, చెంబు తగలకుండా, దోసిట్లోకి పోస్తుందని చెప్పాను. అక్క తల వంచుకొని కొంగు అంచు సరిచేసుకుంది.

"అందుకే," అంది టీచరమ్మ.

తర్వాత గ్రహాల దగ్గరికి వచ్చింది. వాటికీ దారులున్నాయంది. బండ్లకు బాట ఉన్నట్టు వాటికీ ఉంది, అవి బాట దిగిపోవు. ఎనిమిదీ ఒక దిక్కున కనపడతాయని మీ పంచాంగం వాళ్ళు లెక్కగట్టే చెప్పారు, ఆ లెక్క నిజమే. భూమి పగులుతుందన్నది మాత్రం లెక్క చెప్పలేదు, భయం చెప్పింది. ఈ రెండింటినీ విడదీసి చూడమంది. అట్లా చెబితే నాకు ఎక్కలేదు. నా ముఖం చూసి ఆమెకూ అది తెలిసిపోయింది. అప్పుడు ఒక పని అప్పగించింది.

మా వాకిట్లో ఒక కట్టె పాతమంది. పొద్దు వాలే వేళ కూత మోగగానే ఆ కట్టె నీడ ఎక్కడ పడితే అక్కడ సున్నంతో గీత గీయమంది. అక్క బడి ఆవరణలో ఇంకో కట్టె పాతి అదే పని చేయాలి. అమావాస్య దాకా రోజూ చూడాలి. నీడ కూత వేళకు గీత దగ్గరికి వస్తే సూర్యుడు తన బాటన తాను పోతున్నాడని అర్థం. ఒకరి గీతను ఒకరు చూడకూడదని గట్టిగా చెప్పింది. ఆ ఆఫీసు ఆడవాళ్ళు చేసేది అదేనట. ఒకే లెక్కను ఇద్దరు వేరువేరుగా కట్టి, ఆ తర్వాతే కలిపి చూసుకుంటారట. ముందే చూస్తే కన్ను లెక్కను వదిలి దోస్తును నమ్ముతుందట. ఇద్దరి లెక్కా కలవకపోతే కొట్లాడుకోరు, కంగారు పడరు, ఎక్కడ తప్పిందో మొదటి నుంచి వెతుక్కుంటారట.

నేను చింతకొమ్మ ఒకటి నిటారుగా పాతాను. ఆ సాయంత్రం కూత మోగింది, గీత గీశాను. మర్నాడు నీడ నడుచుకుంటూ వచ్చి గీతను తాకింది, అదే ఘడియకు కూత మోగింది. ఎక్కడో అంత పైన ఉన్నవాడు, మా వాకిట్లో నేను గీసిన సున్నపు గీత దగ్గరికి వేళకు వచ్చాడు కదా అనిపించింది. రోజూ చూశాను. ఆ రాత్రులు కాస్త నిద్ర పట్టింది.

అమావాస్య రానే వచ్చింది. తెల్లారి కూత మోగలేదు. మోగకపోవడం నేను గమనించలేదు కూడా, ఎందుకంటే అంతకు ముందే భజన మైకు మోగుతోంది. బాపు మాత్రం చీకటితోనే లేచి, సద్దిగిన్నె పట్టుకొని, ఎప్పటిలాగే చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. నాయినమ్మ ఆయన కుడిచేతికి నల్లదారం కట్టి, వీధి మలుపు దాకా చూసి, లోపలికి వచ్చి తలుపు వేసింది. వాడంతా తలుపులు మూసే ఉన్నాయి. కోళ్ళు తప్ప వీధిలో ప్రాణి లేదు. లోపల దీపం పెట్టుకొని కూర్చున్నాం. నాయినమ్మ రామరామ అంటోంది. నేను తలుపు సందులోంచి వాకిట్లోకి చూస్తున్నాను.

పొద్దు వాలింది. నీడ పొడుగయింది. మెల్లగా గీత వైపు జరుగుతోంది. నాయినమ్మ కన్ను కాస్త అంటుకోగానే గడియ తీసి వాకిట్లోకి వచ్చి కట్టె పక్కన కూర్చున్నాను. నీడ గీతను తాకింది. కూత కోసం చెవులు రిక్కించాను. మోగలేదు. నీడ గీత మీదికి ఎక్కింది. మోగలేదు. గీతను దాటి అవతలికి పోయింది. ఎక్కడా చప్పుడు లేదు. భజన కూడా ఎప్పుడో ఆగిపోయింది.

అప్పటి భయం ఇప్పుడు చెప్పమంటే నాకు మాటలు చాలవు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఆ కూత మోగని సాయంత్రం లేదు. మోగించడానికి బాయి మీద మనిషి ఒక్కడూ మిగలలేదని అనుకున్నాను. భూమి అక్కడ పగిలింది, మా ఇంటి దాకా ఇంకా రాలేదు, అంతే. లేచి పరుగెత్తాను. ఎటు పోతున్నానో కూడా తెలియదు, కాళ్ళే నన్ను మిషను బడికి తీసుకుపోయాయి.

అక్క, టీచరమ్మ బడి ఆవరణలో తమ కట్టె దగ్గరే నిలబడి ఉన్నారు. వాళ్ళ నీడ కూడా వాళ్ళ గీతను దాటి ఉంది. నేను రొప్పుతూ మా నీడ సంగతి చెప్పాను. టీచరమ్మ తన చేతి గడియారం చూసి నాకూ చూపించింది. నాకు గడియారం చూడడం రాదు. అయినా వంగి చూశాను.

"రెండు నీడలూ కలిశాయి. గడియారం కూడా కలిసింది. సూర్యుడు జర కూడా తప్పలేదు. తప్పింది కూత ఒక్కటే."

"మరి మా బాపు?"

అక్క ఏదో అనబోయింది, బహుశా ఏం కాదనే అనబోయి ఉంటుంది. టీచరమ్మ చెయ్యెత్తి ఆపింది. నా ముందు మోకాళ్ళ మీద కూర్చొని, నా కళ్ళలోకి చూసి చెప్పింది.

"తెలియదు. నీడ సూర్యుడి గురించి చెబుతుంది. మీ బాపుగారి గురించి చెప్పదు. అది తెలియాలంటే అక్కడికే పోవాలి. నాకు కూడా భయంగా ఉంది. పదండి, పోయి చూద్దాం."

అలా ఎందుకయిందో గానీ, తెలియదు అన్న ఆ మాటతో నా కాళ్ళ కింద నేల గట్టిపడినట్టయింది. అన్ని రోజుల్లో నాతో నిజం మాట్లాడిన పెద్దమనిషి ఆమె ఒక్కతే. ఒక చెయ్యి ఆమె పట్టుకుంది, ఒక చెయ్యి అక్క పట్టుకుంది. మూసిన తలుపుల మధ్య నుంచి ముగ్గురం బాయి వైపు నడిచాం. తలుపు సందుల్లోంచి మమ్మల్ని చూసినవాళ్ళు లోపలికి రమ్మని సైగ చేశారే గాని ఎవరూ బయటికి రాలేదు. టీచరమ్మ అరచెయ్యి చల్లగా, తడిగా ఉండడం నాకు బాగా గుర్తు.

బాయి గేటు దగ్గర ముసలి జవాను ఒక్కడే స్టూలు మీద కూర్చొని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"గీడికి ఆడోళ్ళు రావద్దమ్మా. పోండ్రి."

"కూత ఎందుకు మోగలేదు?" అడిగింది టీచరమ్మ.

"మోగిచ్చేటోడుంటెగా మోగేది. నిన్ననే పెండ్లాం పిల్లలను తీస్కొని గోదారికి పోయిండు. లోకం మునిగితె మునగని, నేనైతె గంగల స్నానం జేసుకుంటనే మునుగుత అన్నడట."

అక్కకు నవ్వు ఆగలేదు. నేను మాత్రం బాపు గురించి అడిగాను. పంపు దగ్గర పనిచేసే ఫలానా ఆయన బిడ్డనని చెప్పాను. జవాను ముఖం కాస్త మారింది. పొద్దున దిగిన నలుగురైదుగురూ పైకి వచ్చేశారట. బాపు మాత్రం రాలేదట. ఆయన బదులు దిగాల్సినవాడు పనికి రాలేదు. బదులు మనిషి రాకుండా పంపును వదిలి రావడం మా బాపుకు అలవాటు లేదు.

"మరి కింద ఆయన బాగున్నట్టు నీకు ఎట్ల ఎర్క తాతా?" అంది అక్క.

జవాను మమ్మల్ని గేటు లోపలికి రానిచ్చి, నేల మీదికి పొడుచుకొచ్చిన ఒక లావు ఇనుప గొట్టం చూపించాడు. అందులోంచి మట్టి రంగు నీళ్ళు ధారగా పడి ఒక కాలువలోకి పోతున్నాయి.

"గీ నీళ్ళు చూడు బిడ్డా. మీ బాపు కిందికెల్లి పంపుతున్న నీళ్ళే. మనిషి దగ్గర లేకుంటె గా పంపు శానసేపు నడవది, బొగ్గు బురదొచ్చి మూతి మూసుకపోతది. నీళ్ళు పడుతున్నయంటె మీ బాపు ఉన్నట్టు."

నేను ఆ కాలువ గట్టు మీద కూలబడ్డాను. రోజూ ఆడవాళ్ళు బట్టలు ఉతుక్కునే నీళ్ళు అవి. అవి ఎక్కడి నుంచి వస్తాయో ఎన్నడూ ఆలోచించలేదు. చెయ్యి చాచి ధార కింద పెట్టాను. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. భూమి లోపలి వెచ్చదనమట అది. నాకు మాత్రం బాపు చెయ్యి తాకినట్టే అనిపించింది.

కానీ ఆ ధార ఒక తీరుగా పడేది కాదు. ఉన్నట్టుండి సన్నబడేది, గొట్టం గొంతు గరగరలాడేది, చుక్కలు చుక్కలుగా రాలేది. ప్రతిసారీ నేను జవాను వైపు చూసేదాన్ని. కింద బాపు పంపు మూతికి పట్టిన బురద తీస్తున్నాడని జవాను చెప్పేవాడు. మళ్ళీ ఒక్క దగ్గుతో ధార పుంజుకునేది. టీచరమ్మ నా పక్కనే గట్టు మీద కూర్చుంది, చీర తడుస్తున్నా చూసుకోలేదు. అక్కడ కూర్చొని ఆమె తన దోస్తు సంగతి మిగిలింది చెప్పింది. నిరుడు ఒక మనిషి ఆ యంత్రంలో పైకి పోయి సముద్రంలో దిగాడట. ఈ నెలలో ఇంకొకాయన పోవాలట, ఈసారి భూమినే చుట్టి రావాలట, వానలనీ మబ్బులనీ మాటిమాటికీ వాయిదా పడుతోందట. పైకి పోయినవాడి గొంతు కొంతసేపు ఎవరికీ వినపడదట. ఆ కొంతసేపు లెక్కలు కట్టినవాళ్ళు ఊపిరి బిగబట్టుకొని కూర్చుంటారట.

"వాళ్ళ లెక్క సరైనదే గదా," అన్నాను. "ఇద్దరిద్దరు చూసుకున్నరు గదా."

"సరైనదే. అయినా భయం ఉంటుంది. లెక్క తప్పు కాకపోయినా, పోయినవాడు మనిషి కదా. భయం ఉన్నా కూర్చునే ఉంటారు. లేచి పోరు."

ఆమె ఆ మాట అంటుండగానే నీళ్ళు ఆగిపోయాయి.

సన్నబడలేదు, గరగరలాడలేదు. ఒక్కసారిగా ఆగాయి. గొట్టం మూతి నుంచి ఒక బొట్టు వేలాడి కింద పడింది, తర్వాత అదీ లేదు. జవాను స్టూలు మీది నుంచి లేచాడు. ఈసారి ఏమీ చెప్పలేదు. అక్క కళ్ళు మూసుకొని పెదవులు కదుపుతోంది. టీచరమ్మ నా చెయ్యిని ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్ళు నొప్పి పెట్టాయి. మేమంతా బాయి నోటి వైపే చూస్తున్నాం. అది భూమిలోకి ఏటవాలుగా దిగిపోయే ఒక చీకటి. అందులోంచి చల్లగాలి వస్తోంది. ఎంతసేపు చూశామో తెలియదు. ఎదురుగా పొద్దు ఎర్రబడి చెట్ల మీదికి వచ్చింది.

ఆ చీకట్లో ఒక దీపం కనపడింది. చిన్న చుక్క. ఊగుతూ ఊగుతూ పైకి వస్తోంది. ఆగింది. మళ్ళీ ఊగింది. ఆ ఊపు నాకు తెలుసు, ఆయన నడకే అంత, ఎడమకాలు కాస్త ఈడుస్తాడు. నేను చెయ్యి విడిపించుకొని పరుగెత్తి, నిలువెల్లా బొగ్గూ బురదా అయిన బాపు నడుముకు చుట్టుకుపోయాను.

"గిదేందే, గీడికెందుకొచ్చినవ్?" అన్నాడు బాపు. ఆయన గొంతులో ఓపిక లేదు. జవాను వైపు తిరిగి, "ఉన్న నీళ్ళన్ని తోడేసిన తాతా. రేపు పొద్దుగాలదాక మల్ల నిండయి. కూత ఎందుకు గాలే? దూపకు నాలుక పిడచగట్టింది," అన్నాడు.

నీళ్ళన్నీ అయిపోయాయి కాబట్టి పంపు ఆపాడు. అంతే సంగతి. అది కింద ఉన్న ఆయనకు తెలుసు, పైన ఉన్న మాకు తెలియదు.

మేము ఇల్లు చేరేసరికి నాయినమ్మ గడప మీద కూర్చొని ఉంది. నేను కనపడక వాడంతా తిరిగి, కాళ్ళు నడవలేక కూలబడిందట. కొడుకును చూసింది, నన్ను చూసింది, తర్వాత టీచరమ్మను చూసింది. లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి టీచరమ్మ చేతికి ఇచ్చింది. చేతికే ఇచ్చింది. టీచరమ్మ రెండు గుటకలు తాగి, చెంబును అక్కకు అందించింది. అక్క ఒక్క ఘడియ నాయినమ్మ ముఖం వైపు చూసి, మెల్లగా తాగింది. నాయినమ్మ చెయ్యి చాచి చెంబు తీసుకొని లోపలికి పోయింది. మర్నాడు ఆ చెంబును చింతపండు పెట్టి తోమిందో లేదో నాకు తెలియదు. కానీ ఆ తర్వాత అక్క మా ఇంట్లో దోసిలి పట్టడం నేను చూడలేదు.

ఆ నెలలోనే ఆ మనిషి భూమిని చుట్టి దిగాడు. మిషను బడి రేడియోలో ఆ సంగతి వచ్చిందని అక్క చెప్పింది. అతని పేరు చెప్పారట, యంత్రం పేరు చెప్పారట. లెక్కలు కట్టిన ఆడవాళ్ళ పేర్లు ఒక్కటీ రాలేదట. టీచరమ్మ రేడియో బందు చేసి, పిల్లల పలకలు దిద్దడానికి లేచిందట. చెన్నూరులో నాకు తమ్ముడు పుట్టాడు. ఆమె మరో ఏడాదికి వేరే ఊరి బడికి మారిపోయింది. నేను కూడా నాలుగో తరగతితో బడి మానేశాను. గడియారం చూడడం మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

భయం నన్ను వదిలిపోయిందని చెబితే అబద్ధం అవుతుంది. బాపు పని మానేదాకా ప్రతి సాయంత్రం భయపడ్డాను. పెళ్ళయ్యాక మా ఇంటాయన కూడా బాయికే పోయాడు, అప్పుడూ భయపడ్డాను. పిల్లల జ్వరాలకూ భయపడ్డాను. నిరుడు మా చిన్న కొడుకును కరీంనగర్ ఆసుపత్రిలో ఆపరేషనుకు లోపలికి తీసుకుపోయారు. వాడి బిడ్డ, ఎనిమిదేండ్లది, నా కొంగు పట్టుకొని, "నాయినకు ఏం గాదు గదా నాయినమ్మా?" అని అడిగింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఏం కాదమ్మా, ఏం కాదమ్మా అన్నారు. దాని ముఖం ఇంకా పాలిపోయింది. ఆ ముఖం నాకు తెలుసు.

నేను దాని ముందు కూర్చోబోయాను, మోకాళ్ళు వంగలేదు. బెంచీ మీదికే ఎత్తుకొని పక్కన కూర్చోబెట్టుకున్నాను. "నాకు తెలవదు బిడ్డా," అన్నాను. "నాకు గూడ భయమైతున్నది. పా, ఆ తలుపుకాడ నిలవడి అడుగుదం." అది లేచి, నా చెయ్యి పట్టుకొని, నాకంటే ముందు నడిచింది.